ఫోటోలో చిన్ని ఉంది

కాటన్‌పేట, బెంగళూరు
ఆదివారం, పగలు పదకొండు గంటలు

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మికి,

అన్న మునిరాజు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ వదిన రమ్య, నీ మేనల్లుడు వినయ్ కుశలం. అక్కడ చింతామణిలో నువ్వు, బావ, అత్త, చిన్ని కుశలమని తలుస్తాను. ఈ ఒక్క వాక్యం రాసి పావుగంట ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా చెయ్యి దానంతటదే రాసేసే మాటే, ఈ రోజు కలం కదల్లేదు. ఎందుకో చెబుతాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను, లేకపోతే మళ్ళీ ఉత్తరం నిండా చీవాట్లు పెడతావు.

ఫోన్లుండగా ఉత్తరాలేంటని వినయ్ నవ్వుతున్నాడు. మీ ఇంట్లో ఫోను మోగితే అత్త స్పీకరు పెట్టించుకుంటుందని, సగం మాట్లాడేది చిన్నీయేనని వాడికేం తెలుసు? ఇది నువ్వొక్కదానివే చదవాలి. మిద్దె మీద ఎండలో కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు కుదురుగా ఉన్నాయి.

నీ ఉత్తరంలో అన్నిటికంటే చివర, పేరంటం కబుర్లూ పాలవాడి గొడవా అయ్యాక, చిన్ని గురించి నాలుగు వాక్యాలు రాశావు. పొద్దు వాలితే పిల్ల మొద్దులా నడుస్తోందని, గడపలు తన్నుకుంటోందని, ట్యూషన్ నుంచి తోడు లేనిదే రానని మొండికేస్తోందని. తొమ్మిదేళ్ళొచ్చినా చీకటంటే ఈ పిరికితనమేంటని అత్త తాయెత్తు కట్టించిందని. పోయిన మంగళవారం సాయంత్రం పాలచెంబు ఒలకబోస్తే నువ్వు రెండు దెబ్బలు వేశావని. ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. లక్ష్మీ, దాన్ని ఇంక కొట్టకు. మిగతా ఉత్తరం చదివినా చదవకపోయినా ఈ ఒక్క మాట విను.

ఇక నా సంగతి. ఆగస్టులో అత్త డెబ్భయ్యో పుట్టినరోజుకు వచ్చి, భోజనాలు కాగానే నాలుగింటికే ఎందుకు లేచిపోయానని అడిగావు. ఆఫీసు పనన్నాను. పనేమీ లేదు. చీకటి పడకముందే మెజెస్టిక్ బస్టాండులో దిగి ఇల్లు చేరాలి, అంతే. రెండేళ్ళుగా నేను సాయంత్రం ఆరు దాటాక స్కూటరు తీయడం లేదు. హెడ్‌లైటు సరిగ్గా లేదని మీ వదినకు చెప్పుకుంటూ వచ్చాను. మెకానిక్కు రెండుసార్లు విప్పి చూసి లైటు బ్రహ్మాండంగా ఉందన్నాడు. వీడియో కాల్లో నువ్వు కనిపెట్టిన నుదుటి బొప్పి కూడా అల్మారా తలుపు తగిలి వచ్చిందే, అబద్ధం కాదు. ఆ తలుపు తెరిచి ఉందని నాకు కనపడలేదు.

కళ్ళజోడు మారిస్తే సరిపోతుందనుకున్నాను. అసలు విషయం ఆఫీసులో బయటపడింది. నా పని నీకు తెలుసు, అమ్మకానికి పెట్టే ఫ్లాట్లకు లోపలి ఫోటోలు తీయడం. కిటికీ బయట ఎండ మండిపోతుంటుంది, గది లోపల మసక. రెండూ ఒకే ఫోటోలో కనపడాలంటే మామూలుగా కెమెరాను స్టాండు మీద పెట్టి, మూడు నాలుగు రకాల వెలుతురులో తీసి కలుపుతారు. నేను ఒకే ఒక్క క్లిక్కుతో కానిచ్చేస్తాను. కిటికీ తెల్లగా మాడిపోకుండా కాస్త చీకటిగానే తీస్తాను. ఆ ఒక్క ఫైలు నుంచే కంప్యూటర్లో మూడు కాపీలు చేస్తాను. కిటికీ కోసం చీకటిది ఒకటి, గది కోసం నడిమిది ఒకటి, మూలల కోసం బాగా వెలుతురు పెంచింది ఒకటి. ఒక్కోదాంట్లో బాగున్న చోటు ఉంచి, మిగతాది చెరిపేసి, మూడింటినీ కలిపేస్తాను. తెల్లగా మాడిపోయిన చోట ఏం చేసినా ఏమీ రాదు. నల్లగా ఉన్న చోట మాత్రం చాలా మిగిలి ఉంటుంది, పైకి తీసే ఓపిక ఉండాలంతే.

మొన్న జూన్‌లో నా పక్క సీట్లో కూర్చునే జెస్సీ నా ఫోటో ఒకటి చూసి నవ్వింది. గుంటూరమ్మాయి, మొహమాటం తెలియదు. "అన్నా, మంచం కింద కూడా ట్యూబ్‌లైట్ పెట్టావా? షాడోస్ అన్నీ లేపేశావ్, ఫుల్ ఫేక్‌గా ఉంది" అంది. నేను నమ్మలేదు. నా కంటికి ఆ మంచం కింద ఇంకా నల్లగానే ఉంది. ఇద్దరం పాత ఫోటోలు తెరిచి చూశాం. మూడేళ్ళ కిందటివి బాగున్నాయి. తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి తెల్లబడుతూ వచ్చాయి. నాకు కనపడేదాకా నేను నీడల్ని పెంచుతూ పోయాను, నాకు కనపడటం మాత్రం తగ్గుతూ పోయింది. ఎంత తగ్గిందో నెల నెలా ఆ ఫోల్డర్లో వరసగా ఉంది. జెస్సీ నవ్వడం ఆపేసింది. ఆ మధ్యాహ్నమే నన్ను ఆటో ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా ఆ పిల్లే.

కంటి వెనక ఉండే తెర మెల్లమెల్లగా అరిగిపోతోందన్నారు డాక్టరు. ముందు చీకట్లో చూపు పోతుందట, ఆ తర్వాత పక్క చూపు. ఎదురుగా ఉన్నది ఇంకా కొన్నేళ్ళు కనపడుతుందట. నాకున్నదానికి ఇప్పటికైతే మందు లేదు. అప్పట్నుంచి ఆఫీసులో గడియారం ఐదు కొడితే కిటికీ వైపే చూస్తుంటాను. మా ఇంటి మెట్లు పదిహేడు. గోడకు అరచెయ్యి ఆనించి, కాలితో వెతుక్కుంటూ, లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాను. ఎవరైనా ఎదురొస్తే ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తాను. భయంగా ఉంది లక్ష్మీ. నలభై రెండేళ్ళ మనిషిని, ఈ మాట ఎవరితోనూ అనలేదు.

ఇది రక్తంలో వచ్చేదట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగారు. లేదన్నాను. నిజంగానే లేదనుకున్నాను. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నాయన గుర్తొచ్చాడు.

నీకు గుర్తుందా? స్కూలు వదలగానే మనిద్దరం నాయన పనిచేసే అగరబత్తీల అంగడికి పోయేవాళ్ళం. అంగడి మూసేసరికి వీధి దీపాలు వెలిగేవి. నాయన ఒక పక్క నీ చెయ్యి, ఒక పక్క నా చెయ్యి పట్టుకుని సందుల్లో ఇంటికి నడిచేవాడు. "చెయ్యి ఇడవద్దప్పా, జనం జాస్తిగా ఉండారు" అనేవాడు. మా నాయనకు మేమంటే ఎంత ప్రాణమో అని నువ్వు స్నేహితుల దగ్గర గొప్పలు పోయేదానివి. ప్రాణమే, కాదనను. కానీ ఆ సందుల్లో నడిపించింది ఆయన కాదు, మనం. సెలవులకు మనం అత్త ఊరికి వస్తే ఆ పది రోజులూ ఆయన అంగట్లోనే పడుకునేవాడని అమ్మ అనేది. ఎందుకో నాకు ఇప్పటికి తెలిసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఇదంతా డాక్టరుకు చెప్పాను. ఆయన తెల్లకాగితం మీద మన ఇంటి బొమ్మ గీశారు. మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు. దగ్గరి చుట్టరికంలో పెళ్ళయితే మధ్యలో జంట గీత గీయాలట. అమ్మ, నాయనకు అక్క కూతురు కదా, అక్కడొక జంట గీత పడింది. నిన్ను మేనత్త కొడుక్కే ఇచ్చాం కదా, అక్కడొకటి. రమ్యది బయటి సంబంధం కాబట్టి వినయ్‌కి వచ్చే అవకాశం చాలా తక్కువన్నారు. ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే రెండో జంట గీత మీద కన్ను పడింది, దాని కింద ఒకే ఒక్క సున్నా. నాయన పోయాక, బయటి సంబంధాలు వద్దు, పిల్లమ్మత్త ఇల్లయితే నీకు కష్టం ఉండదని పట్టుబట్టింది నేనే. కష్టం లేదు నిజమే, బావ బంగారం. ఆ సున్నా వైపు మాత్రం ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఇప్పుడు ఫోటో గురించి. అత్త పుట్టినరోజున తీసి నేను పంపిన గ్రూప్ ఫోటో చూసి, కిటికీ బాగుంది, అత్త ముఖం బాగుంది, వెనక నడవ మాత్రం బొగ్గు పూసినట్టుందని రాశావు. పైగా చిన్ని లేని ఫోటోనే ఎందుకు పెద్దది చేశావని దెప్పావు. ఆ రోజు కరెంటు లేదు, గుర్తుందా? అందరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. చిన్ని వంటింట్లోంచి రావాలి. చిన్నీ, చిన్నీ అని అందరూ పిలుస్తున్నారు. అత్త కాళ్ళ నొప్పులతో నిలబడలేకపోతుంటే సరే కానిమ్మని ఒక్క క్లిక్కు కొట్టాను. అంతలోనే ఆవిడ కుర్చీలో కూలబడింది. అందుకే ఉన్నది ఒక్కటే ఫోటో. పిల్ల తర్వాత వచ్చి, "నన్ను ఇడిసిపెట్టి తీస్తివా మామా" అని అలిగింది.

లక్ష్మీ, ఆ ఫోటోలో చిన్ని ఉంది.

ఇంటికొచ్చిన మర్నాడే ఆ ఫైలు తెరిచాను. మూడు కాపీలు చేశాను. నడవ కోసం వెలుతురు పెంచుతూ పోయాను. ఇంకొకరైతే అక్కడేమీ లేదని ముందే ఆపేసేవాళ్ళు. నా కళ్ళకు సరిపోయేదాకా పెంచాలి కదా, నేను ఆపలేదు. నడవ అంతా ఇసుక చల్లినట్టు గరుకుగా పైకి తేలింది. అందులో చిన్ని ఉంది. పట్టు పావడా, రెండు జడలు. వెలుతురున్న హాలు ఎదురుగానే ఉంది, మనమంతా నవ్వుతూ పిలుస్తూనే ఉన్నాం. అది మాత్రం తల వంచుకుని, కుడి అరచెయ్యి గోడకు ఆనించి, ఎడమ కాలితో గడప కోసం వెతుకుతోంది.

అది పిరికితనం కాదు. చీకటికి భయపడే పిల్ల వెలుతురు వైపు పరిగెత్తుకొస్తుంది. ఇది జాగ్రత్తగా, లెక్కపెట్టుకుంటూ వస్తోంది. గోడ మీది ఆ చెయ్యి నాకు బాగా తెలుసు, రోజూ సాయంత్రం మా మెట్ల దగ్గర చూస్తున్నదే. మేనమామ పోలిక, అచ్చం మేనమామ పోలిక అని మీరంతా అంటుంటే ఇన్నేళ్ళూ మురిసిపోయాను.

తర్వాత నేనేం చేశానో విను. వెలుతురు పెంచిన కాపీని పక్కన పెట్టేశాను. అది చాలక, మిగిలినదాంట్లో నడవ మీద ఇంకాస్త నలుపు పూశాను. ప్రింటు తీయించి నీకు స్పీడ్‌పోస్టులో పంపాను. నువ్వు చూసిన బొగ్గు నా చేత్తో పూసిందే. నీ మనసు పాడవుతుందని, బావ ఏమంటాడోనని, నా ఉద్యోగం ఊడుతుందని నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. అవేవీ కాదు. భయం. నేను చూడకపోతే అది లేనట్టేననుకున్నాను. ఈ మూడు నెలల్లోనే దాని మెడలో తాయెత్తు పడింది, వీపు మీద నీ చెయ్యి పడింది. ఆ దెబ్బలు నేను వేసినవే. నన్ను తిట్టు, ఎంతయినా తిట్టు, కానీ ముందు పిల్లను తీసుకుని రా.

ఈ కవర్లో రెండో ప్రింటు పెట్టాను. అత్త భుజం వెనక, ఎడమ పక్క చూడు. చిన్నికి చూపించకు. బావకు నువ్వే నెమ్మదిగా చెప్పు. అత్తను కూర్చోబెట్టి, నాయన చిన్నప్పుడు పొద్దుపోయాక ఎలా నడిచేవాడని అడుగు. ఆవిడ మీద అరవకు. ఏదో రేచీకటి అనుకుని ఆ రోజుల్లో ఊరుకుని ఉంటారు.

ఒక్క ఆశ ఉంది. తిండిలో లోపం వల్ల కూడా పిల్లలకు రేచీకటి వస్తుందట, దానికి మందుందట, త్వరగా తగ్గిపోతుందట. పరీక్ష చేస్తేగానీ ఏదో చెప్పలేమన్నారు. అదే అయ్యుండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. నా మేనకోడలికి ఆకుకూర కూడా పెట్టడం లేదేమే అని నిన్ను నోరారా తిట్టే అదృష్టం నాకు దక్కాలి. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం ఉదయం పదింటికి ఆసుపత్రిలో దాని పేరు రాయించాను.

రమ్యకు మొన్ననే చెప్పాను. నా అరచెయ్యి తిప్పి చూసింది. తర్వాత, "ఇన్నాళ్ళూ గోడలు తడుముకుంటా ఉండావు, నా చెయ్యి లేదేమప్పా నీకు" అంది. నిన్న సాయంత్రం బస్టాపుకు తనే ఎదురొచ్చింది.

మీరు ముందు రోజు ఆదివారమే రండి. పొద్దున ఏడింటి బస్సు ఎక్కండి, మధ్యాహ్నం బస్సు వద్దు. హొసకోటె దగ్గర ట్రాఫిక్కులో ఆగితే ఎప్పటికి వదులుతుందో తెలియదు. వెలుతురు ఉండగానే ఇల్లు చేరాలి, చిన్ని కోసమే కాదు, నాకోసం కూడా. ఒకవేళ ఆలస్యమై దీపాలు పెట్టే వేళైతే, నేను బస్సు దిగేచోట టీకొట్టు పక్కన నిలబడి ఉంటాను. నువ్వే నన్ను వెతుక్కుని రా. నేను పలకరించలేదని నొచ్చుకోకు. అక్కణ్ణుంచి కాటన్‌పేట సందులు నీకు తెలిసినవే. నువ్వు మధ్యలో నడువు. ఒక చెయ్యి చిన్నికివ్వు, ఒకటి నాకివ్వు. జనం జాస్తిగా ఉంటారు, ఇడవద్దు.

ఇట్లు,
చిన్ని మేనమామ,
నీ అన్న మునిరాజు