గవర్నమెంటు నీళ్ళకీ ఒట్టేనా?

క్యాంప్,
ఆదివారం.

ప్రియమైన అమ్మకి,

నమస్తే. ఉత్తరం చూసి భయపడకు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి, నొప్పి లేని చోటు మాత్రం ఒక్కటీ లేదు. ఫోన్ ఎందుకు చెయ్యట్లేదంటావేమో, మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ సూర్యప్రకాష్ గారు మేం వచ్చిన రోజే అందరి ఫోన్లూ ఒక ఇనప్పెట్టెలో పడేసి తాళం వేసి, "అబ్ చిట్ఠీ లిఖో" అన్నారు, ఇక ఉత్తరాలే రాసుకోమని. నా పక్క మంచం పింటూ, మన ఘాట్‌శిలా వాడే, ఏడ్చినంత పని చేశాడు. వాళ్ళ ఊరి పిల్లతో రోజూ మాట్లాడకపోతే వాడికి అన్నం దిగదు.

అసలు సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకు. నేను స్పెషల్ ఫోర్స్‌కి పేరిచ్చాను. రెణ్ణెల్ల తర్వాత సెలక్షన్. అక్కడ సరిగ్గా తిండి పెట్టరు, నిద్ర పోనివ్వరు, చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగుల్తారట. అందుకని ముందే మా పటాలం వాళ్ళు ఇక్కడ మమ్మల్ని నలగ్గొట్టి పంపుతున్నారు. వీపున కట్టుకునే సంచిని పిట్టూ అంటారు. దాన్నిండా ఇసక పోసుకుని పరుగెత్తాలి. తర్వాత తాడెక్కాలి. తర్వాత నలుగురం ఒక పెద్ద దుంగని భుజాన పెట్టుకుని తిరగాలి. ఆ దుంగకి ఉస్తాద్ గారు అల్లుడుగారని పేరు పెట్టారు, "జమాయీ బాబూ". కింద పెట్టకూడదు, మర్యాద తగ్గకూడదు.

అమ్మా, నాకిది కావాలి. ఐటీఐ నువ్వు చేరమన్నావు, చేరాను. ఆర్మీ నాన్న అన్నాడు, చేరాను. ఇది మాత్రం నాకు నేనే అనుకున్నాను.

ఒక చిన్న అనుమానం. దోముహానీలో నదులు కలిసే చోట నా చేత వేయించుకున్న ఒట్టు ఉంది కదా, నీళ్ళలోకి దిగనని. అది నదులకీ చెరువులకీ మాత్రమేనా, గవర్నమెంటు నీళ్ళకి కూడానా? ఇక్కడ ఈత కొట్టడానికి ఒక పెద్ద ట్యాంక్ ఉంది. ఊరికే అడిగాను.

ఆవకాయ పంపు. ఇక్కడ పప్పులో ఉప్పు ఉండదు, కూరలో కూర ఉండదు.

నీ ఆకలి కొడుకు,
హరి

*

సిద్ధగోరా, జంషెడ్‌పూర్.

చిరంజీవి హరికిరణ్‌ని అమ్మ దీవించి రాసేది,

ఊరికే అడిగేవా? ఊరికే అడిగినోడివి ఆ మాట తెచ్చి ఆవకాయ పక్కన ఎందుకు దాసేవురా? ఇన్నేళ్ళుగా టాటానగర్ స్టేషన్ బుకింగ్ కౌంటర్లో కూకుంటన్నాను. జనం అసలు మాట ఆఖర్న చెప్తారని నాకు తెలీదేటి?

నీ స్పెషల్ ఫోర్సు కబురు మీ నాన్నకి చదివి వినిపించేను. ఆయన గూడ్సు బండి తోలినంత నెమ్మదిగా ఆలోచించి, "మంచిదే" అన్నారు. నాకు భయం లేదనను. కానీ నీ జాతకంలో ఆకాశం బ్రహ్మాండంగా ఉంది. ఆయుధం బాగుంది, నిప్పు బాగుంది. విమానంలోంచి దూకమంటే దూకు నానా. కొండ ఎక్కమంటే ఎక్కు. పాముల్ని తినమంటే, నాకు చెప్పకుండా తిను. నీళ్ళు మాత్రం వద్దు.

నువ్వు పుట్టినప్పుడు సీతారామరావు పంతులు గారు జాతక చక్రం ఏసి, "జలగండం ఉందమ్మా, జాగ్రత్త" అన్నారు. ఆ రోజు మొదలు నీకు చెంబుతోనే నీళ్ళు పోసేను. ఇంట్లోకి టబ్బు రానివ్వలేదు. బడి పిల్లలందరూ డిమ్నా లేక్ పిక్నిక్‌కి ఎల్తే, నీకు జరమని అబద్ధమాడి ఇంట్లో ఉంచీసేను. అలాంటిది పదేళ్ళప్పుడు దోముహానీ కాడ మోకాల్లోతులో గెంతుతూ కనిపించేవు. నా పేణం పోయిందనుకో. అక్కడికక్కడ నీ చెయ్యి నా నెత్తి మీద ఎట్టించి, నేను చెప్పేదాకా నీళ్ళలో దిగనని ఒట్టేయించుకున్నాను. ఆ ఒట్టు ఇంకా నా నెత్తి మీదే ఉంది. మున్సిపాల్టీ నీళ్ళేటి, మిలట్రీ నీళ్ళేటి, మునిగినోడికి అన్నీ ఒకటే.

ఆవకాయ పంపిత్తన్నాను. మీ ఉస్తాద్‌కి కొంచెం పెట్టు, చేతికి కాదు, నోటికి. తిన్నోడు కొట్టడు.

నీ మంచి కోరే
అమ్మ

*

క్యాంప్.

ప్రియమైన అమ్మకి,

ఆవకాయ అందింది. ఉస్తాద్ గారు ఒక ముద్ద తిని, చెంబుడు నీళ్ళు తాగి, మళ్ళీ ఒక ముద్ద తిని, "యే తో హథియార్ హై" అన్నారు. ఆయుధం కాబట్టి సీసా ఇప్పుడు ఆయన గదిలో ఉంది.

ఇక నీ ఒట్టు సంగతి. మొన్న అందరూ నిక్కర్లతో ట్యాంక్‌లోకి దూకి అవతలికి ఈదుతున్నారు. నేను గట్టు మీద నిలబడ్డాను. "ఏం, టికెట్ కోసం చూస్తున్నావా?" అని ఉస్తాద్ గారు హిందీలో అరిచారు. నిజం చెప్పేశాను. మా అమ్మ ఒట్టుంది సార్ అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. "పొడుగు తక్కువైతే ఏం చెయ్యాలో రూల్ ఉంది. బరువు తక్కువైతే రూల్ ఉంది. మా కీ కసమ్, అమ్మ ఒట్టు, దీని గురించి ఎక్కడా లేదే!" అన్నారు. అప్పట్నుంచి వాళ్ళు ఈదుతున్నంతసేపూ వాళ్ళ చెప్పులకి నేను కాపలా. క్యాంప్‌లో నా పేరిప్పుడు చప్పల్ కమాండో.

పింటూ ఏమంటాడంటే, దూకెయ్, జంషెడ్‌పూర్‌లో ఉన్న మీ అమ్మకి ఎలా తెలుస్తుంది అని. తెలీదు, నిజమే. కానీ నేను దూకిన రోజు నీకు ఊరికే తలనొప్పి వచ్చినా నా వల్లే అనుకుంటాను. ఒట్టు నీ తల మీద ఉంది కదా. దొంగచాటుగా దూకి నేనేం కమాండో అవుతాను?

అలాగని దూకకపోతే సెలక్షన్‌కి పంపరు. అక్కడ నీళ్ళలో ఏమేం చేయిస్తారో నీకు రాయను, నువ్వు నిద్రపోవు. నెలాఖరు సోమవారం ఇక్కడ పరీక్ష. ఆ రోజు ట్యాంక్‌లోకి దిగనివాడు మర్నాడు తన పాత ఆర్మీ కంపెనీకి వెళ్ళిపోవాలి. మళ్ళీ అవకాశం వస్తుందో రాదో తెలీదు. అమ్మా, ఒట్టు వేయించింది నువ్వే, తియ్యగలిగేదీ నువ్వే.

చెప్పుల దగ్గర్నుంచి,
హరి

*

సిద్ధగోరా.

చిరంజీవి హరికి,

నీ ఉత్తరం కౌంటర్లోనే చదివేను. ఎదురుగా పెద్ద లైనుంది. కిటికీ మూసీసి చదివేను. జనం ఒకటే అరుపులు. "లంచ్ హై!" అన్నాను. పొద్దున్నే లంచేటి మేడమ్ అని ఒకాయన తగువేసుకున్నాడు.

నీ జాతకం పట్టుకుని పంతులు గారి కాడికి ఎల్లేను. ఆ గండాన్ని కొడుకు పేరు మీంచి తల్లి పేరు మీదకి మార్చండి అని అడిగేను. కుటుంబంలో వాళ్ళయితే మేం టికెట్టు మార్చి ఇవ్వమేటి? ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒక మాట చెప్పేరు. అదేటో ఇప్పుడు రాయను. నన్ను కాస్త ఆలోచించుకోనీ.

ఇక్కడ అందరం కులాసా. నాకు కొంచెం చెవిపోటు. కళ్ళు ఎర్రబడుతున్నాయి. నీ గురించి దొంగచాటుగా ఏడుస్తన్నాననుకుని మీ నాన్న నిన్నా ఇవాళా కూర బాగుందని పొగిడేరు. కూర మాడిపోయింది. నా పక్క కౌంటర్ ఆనందకుమారి, టెల్కో కాలనీ ఆవిడ, నా జుట్టు బ్లీచింగ్ పౌడర్ వాసన వత్తందంటాది. ఆవిడ మాటలు పట్టించుకోకు. వాళ్ళమ్మాయి ప్రిస్సీ బిష్టుపూర్‌లో ఉద్యోగం చేత్తంది. బంగారం లాంటి పిల్ల గానీ నోరు పెద్దది. ఆంటీ ఆంటీ అంటానే నా మీద అరుస్తాది.

ఆకలి మాత్రం తెగ దంచేత్తంది. మీ నాన్న వాటా కూడా తినీసేను.

మళ్ళీ నా ఉత్తరం అందేదాకా నీళ్ళ జోలికి ఎల్లకు. అందాకా ఆ చెప్పులేవో జాగ్రత్తగా చూసుకో.

అమ్మ

*

క్యాంప్.

అమ్మా,

వచ్చే సోమవారమే పరీక్ష. నీ దగ్గర్నుంచి ఇంకో ముక్క రాలేదు. కోపంగా ఉంది. నీ మీద కాదు అని రాద్దామనుకున్నాను గానీ, నీ మీదే.

తాడెక్కడంలో నేనే ముందు. అల్లుడుగారిని మోసేటప్పుడు బరువు వైపు నేనే ఉంటాను. పిట్టూతో పరుగెత్తితే పింటూ నా దుమ్ము తింటాడు. అంతా చేసి, నీళ్ళ దగ్గరికొచ్చేసరికి చెప్పుల పక్కన నిలబడతాను. సిగ్గేస్తోంది అమ్మా.

నిన్న మెస్ దగ్గర బకెట్‌లో ముఖం పెట్టి ఊపిరి బిగబట్టి చూశాను. బకెట్ కూడా ఒట్టులోకి వస్తే క్షమించు. ఉస్తాద్ గారు చూసి, "బకెట్ మే దుష్మన్ ఢూంఢ్ రహే హో?" అన్నారు. శత్రువు దొరకలేదు, ముక్కులోకి నీళ్ళు పోయాయి.

ట్రంకు సర్దేశాను. పాత కంపెనీకి వెళ్ళిపోతే వెళ్ళిపోతాను. నీ తల బాగానే ఉందా?

హరి

*

సిద్ధగోరా,
శనివారం.

నానా హరీ,

ఇది పోస్టులో ఏస్తే సోమవారానికి అందదు. అందుకే మీ క్యాంపు వైపొచ్చే దానాపూర్ బండి గార్డు బాలాజీ చేతికి ఇత్తన్నాను. క్యాంపు గేటు దాకా ఎల్లి ఇవ్వకపోతే ఈ జన్మలో నా కౌంటర్లో టికెట్టు దొరకదని చెప్పేను.

ముందు పంతులు గారి మాట. నీ చక్రం చూసి ఆయన, "అమ్మా, ఈ గండం కుర్రాడికి పన్నెండో ఏడు దాటేదాకే. ఎప్పుడో పోయింది. ఎప్పటిదాకా అని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నారు. చూసేవా! రోజల్లా జనం టికెట్ల మీద తేదీ చూసేదాన్ని, కన్నకొడుకు గండానికి తేదీ అడగలేదు.

మరి ఆ రోజే రాసీవచ్చు కదా అంటావు. రాద్దామనే కూకున్నాను. పెన్ను కదల్లేదురా. పంతులు గారి కాగితంలో గండం అయిపోయింది, నా గుండెల్లో అవలేదు. నోటితో దూకమని, లోపల్లోపల వద్దు వద్దని వణికితే, అది ఒట్టు తీసినట్టేటి?

ఆనందకుమారితో చెప్పుకుని ఏడ్చేను. ఆవిడ నవ్వింది. "నాకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టర్ గారు సువర్ణరేఖ నదిలో నిండా ముంచి తీసేరు. లేచొచ్చి ఇదిగో నీ పక్కనే టికెట్లు కోస్తన్నాను" అంది. వాళ్ళ ప్రిస్సీ ఉద్యోగం ఏటనుకున్నావు? బిష్టుపూర్ పూల్‌లో ఆడవాళ్ళకి ఈత నేర్పడం. నేను చేరీసేను.

నవ్వకు. మొదటిరోజు మెట్టు మీద కూకుని పాదాలు తడుపుకుని వచ్చీసేను. రెండోరోజు నడుం దాకా దిగి, కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం మొత్తం చదివేను. కళ్ళు తెరిచేసరికి పక్క పిల్లలు నాకు దండం పెడతన్నారు. ఆ తర్వాత మునిగేను. మునిగి ఎన్ని నీళ్ళు తాగేనో పూల్ వాళ్ళకే తెలియాలి. "ఆంటీ, కిక్! ఆంటీ, కిక్!" అని ప్రిస్సీ ఒకటే గోల. మీ నాన్న డ్యూటీ దిగొచ్చి, పెరట్లో ఆరేసిన నా నల్ల ఈత బట్ట చూసి, "ఇదేటి, ఎవరిది?" అన్నారు. "స్పెషల్ ఫోర్సుది" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని అన్నానికి కూకున్నారు.

నిన్న లోతు వైపు ఈదేను. మధ్యలో కావాలనే కిందకి మునిగి, కళ్ళు తెరిచి చూసేను. ఇన్నేళ్ళు నన్ను బెదరగొట్టిన గండం మొహం ఎలగుంటాదో చూద్దామని. అక్కడ గండం లేదురా. పిల్లలెవరో పారీసుకున్న హెయిర్ క్లిప్పు ఒకటుంది. నీళ్ళలోకి ఎండ పడి అడుగంతా మెరుత్తంది. నీళ్ళ లోపల ఇంత బాగుంటాదని నాకెవరూ చెప్పలేదు. ఇది నీకు చూడనివ్వలేదు కదా అని ఏడుపొచ్చింది. నీళ్ళలో ఏడిత్తే ఎవరికీ తెలీదు, అది కూడా నేర్చుకున్నాను.

పైకొచ్చి, తడి చెయ్యి నా నెత్తి మీద పెట్టుకుని ఒట్టు తీసీసేను. తీసి గట్టు మీద పెట్టీసేను. ప్రిస్సీ సాక్షి.

దూకు నానా. మునిగితే కంగారుపడకు. కాళ్ళు ఆడించు. కళ్ళు తెరిచే ఉంచుకో. నా తలకేటీ కాదు.

ఈత వచ్చిన మీ అమ్మ,
సూర్యకాంతం

*

క్యాంప్,
సోమవారం.

ఈత వచ్చిన అమ్మకి ఇంకా రాని కొడుకు రాసేది,

బాలాజీ మావయ్య తెల్లారేసరికే గేటు దగ్గరున్నాడు. గార్డు డ్రెస్సు, చేతిలో పచ్చజెండా. సెంట్రీ ఏం అడగాలో తెలీక ఉస్తాద్ గారిని పిలిచాడు. ఉత్తరం అలా ముందు ఆయన చేతికి వెళ్ళింది. తెలుగు రాదు కాబట్టి ట్యాంక్ పక్కన అందరి ముందూ నన్ను హిందీలో చదవమన్నారు. "స్పెషల్ ఫోర్సుది" అన్న చోట పింటూ నేల మీద పడి దొర్లాడు. నేను మాత్రం హెయిర్ క్లిప్పు దగ్గర ఆగిపోయాను. ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ గారు నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, తడవకుండా జేబులో పెట్టుకుని, "అబ్ క్యా బహానా హై?" అన్నారు.

ఇంక సాకేముంది? దూకాను.

నేరుగా అడుక్కి వెళ్ళిపోయాను. భయమేసింది అమ్మా, చాలా భయమేసింది. అప్పుడు నువ్వు చెప్పింది గుర్తొచ్చి కళ్ళు తెరిచాను. గండం ఇక్కడా లేదు. ఒక విజిల్ ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుని, కాళ్ళు ఆడించి, సగం ట్యాంక్ తాగి పైకొచ్చాను. అది ఉస్తాద్ గారిదేనట, ఎప్పుడో పడిపోయిందట. ఆయన నీళ్ళు దులిపి, ఊది చూసి, "దిగాడు, ఉంటాడు. ఈత నేను నేర్పుతాను" అన్నారు. ట్రంకు విప్పేశాను. సెలక్షన్‌కి ఇంకా టైముంది, నా కాళ్ళు ఉన్నాయి.

ఇంకో సీసా ఆవకాయ పంపమన్నారు. ఇది ఆర్డర్.

సెలవు దొరకగానే వస్తాను. ముగ్గురం దోముహానీ వెళ్దాం, ఆ మోకాల్లోతు దగ్గరికే. నువ్వూ నేనూ దిగుదాం. నాన్నకి ఈత రాదు కదా, ఈసారి చెప్పుల కాపలా నాన్నది.

నీ తడి కొడుకు,
హరి