నూట ఏడు డిగ్రీలు

డిండోలి, సూరత్
ఆదివారం

అక్కకు,

తమ్ముడు పరమేశ్ నమస్కరించి రాస్తున్నాను. నేను, హారతి, పాప ఇక్కడ కులాసాగా ఉన్నాం. నువ్వూ బావా పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. కమలాకర్ చేతికిచ్చి పంపిన చింతకాయ తొక్కు, నీ ఉత్తరం రెండూ చేరాయి. తొక్కులో సగం అప్పుడే పక్కింటి గుజరాతీ వాళ్లింటికి వెళ్లిపోయింది.

పాప దగ్గు తగ్గింది. బడిలో గుజరాతీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. కోపమొస్తే మూడూ కలిపి నన్ను తిడుతుంది. హారతి చీరలకు రాళ్లు అతికించే పని మానలేదు. కళ్లు మండుతున్నాయంటే అద్దాలు చేయించాను.

గ్యారేజీలో బండ్ల జబ్బు చూసే మిషన్ గురించి, “ఆ మిషన్ ఏంది, ఫోన్ లెక్క ఉంటదా?” అని అడిగావు. చూడ్డానికి అలాగే ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు దాని తీగ తగిలించి బండి స్టార్ట్ చేస్తే, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో, నీళ్లు ఎంత వేడెక్కాయో, గాలి ఎంత పీలుస్తోందో అంకెలుగా తెర మీద కదులుతాయి. డాష్‌బోర్డులో పసుపు లైటు ఎందుకు వెలిగిందో కూడా చెబుతుంది. అందులోనే ఒక మీట నొక్కితే ఆ లైటు ఆరిపోతుంది. జబ్బు మాత్రం పోదు. మా గ్యారేజీలో దాన్ని చదవడం నాకే బాగా వచ్చు. సేఠ్ నన్ను ‘డాక్టర్’ అని పిలుస్తుంటే గర్వంగానే ఉండేది.

నెలరోజులుగా ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడుతున్నానని, ఇంట్లో ఏమైనా గొడవా అని రాశావు. గొడవేం లేదక్కా. నీ గొంతు వింటే నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

ముత్యం మామ అని మన సిరిసిల్ల వైపు మనిషి. ఇక్కడి నుంచి ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలకు కార్మికులను వ్యాన్‌లో తీసుకెళ్తాడు. ఒక పొద్దున వ్యాన్ నిండా మనుషులతో గ్యారేజీ ముందు ఆగాడు.

“జర ఈ లైట్ ఆర్పు పరమేశూ. మాపటికి తెచ్చి మంచిగ చూపిస్త.”

వెనక సీట్లోంచి ఒకతను అరిచాడు. “జల్దీ కానియ్యి భాయ్, లేటైతే గేటు కాడ్నే ఆపుతరు!”

మిషన్ తగిలించాను. రేడియేటర్ ఫ్యాన్ చెడిందని కోడ్ వచ్చింది. నీళ్ల వేడి చూశాను. వంద, నూట నాలుగు, నూట ఏడు. అప్పటికే ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి, తిరగడం లేదు. రోడ్డు మీద పరుగులో గాలి తగిలి నడిచిపోతుంది, సాయంత్రం చూడొచ్చులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట చెబితే మామ బండి ఆపేస్తాడు, అంతమందీ నా మీద పడతారు. మామ చూస్తుండగానే తెర నావైపు తిప్పుకుని లైటు ఆర్పేశాను. “అయిపోయింది మామా, పో” అన్నాను.

ఫ్యాక్టరీలకు వెళ్లే హజీరా రోడ్డులో లారీలు ఆగిపోయి వ్యాన్ అరగంట కదల్లేదట. ముందు నుంచి పొగ వస్తుంటే మామ దిగి రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్లు చిమ్మి కుడిచేయి మోచేతి దాకా కాలింది. మొహం పక్కకు తిప్పుకోబట్టి కళ్లు దక్కాయి.

అందరూ అడిగితే, “పాత బండి, నేనే సూస్కోలే” అన్నాడట. నా పేరు ఎత్తలేదు. సేఠ్‌కు చెబితే, “వాడే నీ పేరు అనలేదు, నువ్వెందుకు మీదేసుకుంటావ్? చుప్ బైఠ్” అన్నాడు. నాలుగు రోజులు అలాగే నోరు మూసుకుని కూర్చున్నాను.

అయిదో రోజు మామ ఉన్న ఆస్పత్రికి వెళ్లాను. మామ నిద్రపోతున్నాడు. వరండాలో ఆయన భార్య ఎల్లవ్వకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. “నువ్వు జెప్పినా మా ఆయన ఇనకపోతుండె బిడ్డా. గని నువ్వు జెప్పకపోతివి” అంది.

ఫ్యాన్ మోటారు కొత్తది నేనే వేశాను. మామ చేయి మానేదాకా పొద్దున ట్రిప్పు నేనే నడుపుతున్నాను. వ్యాన్‌లో వచ్చే ఎనిమిది మందికీ జరిగింది చెప్పాను. ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. ఈ ట్రిప్పు వదల్లేకే నీ కొత్తింట్లో పాలు పొంగించే రోజుకు రాలేను. హారతిని, పాపను పంపుతాను. కోపం తెచ్చుకోకు.

మొన్న మామ కట్టుతోనే వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అందరూ దిగి వెళ్లాక అడిగాను, “మామా, నా పేరు ఎందుకు జెప్పలేదు?”

ఆయన కిటికీలోంచి ఫ్యాక్టరీ గేటు వైపే చూస్తూ అన్నాడు: “నువ్వే జెప్తవని ఎదురు చూసిన.”

ఇట్లు,
నీ తమ్ముడు
పరమేశ్