చిలకల పట్టికలో యూలాలీ

డొమినికా ద్వీపం, నవంబరు 6

నష్టాల నమోదు అధికారి గారికి,

మీరు ఎర్ర సిరాతో 'పొరపాటు' అని రాసి తిప్పి పంపిన, హరికేన్‌కు చనిపోయిన చిలకల పట్టికను మళ్ళీ మీకే పంపుతున్నాను. నలభై ఒకటో వరుసలో ఉన్న యూలాలీ చిలక కాదని నాకూ తెలుసు. ఆవిడ మా పక్కింటి పెద్దావిడ.

హరికేన్ వెళ్ళిపోయిన పంతొమ్మిదో రోజున చనిపోయింది. కరెంటు లేక ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడైంది. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోవడంతో కొత్త మందు రాలేదు. మనుషుల పట్టికలో రాయమని ఫోన్ చేస్తే, "గాలి ఆగిపోయాక పోయినవాళ్ళు మా లెక్కలోకి రారయ్యా" అన్నారు మీరు.

చిలకల పట్టికలో మాత్రం 'తరవాత ఆకలితో చనిపోయినవి' అని మీరే ఒక గడి గీసి ఇచ్చారు. చెట్లు మోడైపోయి, తినడానికి ఒక్క కాయ కూడా దొరక్క, నెల తరవాత రాలిపోయిన చిలకను కూడా హరికేనే చంపిందని రాయమన్నారు. అది న్యాయమే. రాశాను.

నేను తెల్లారే అడవికి బయల్దేరుతుంటే యూలాలీ గుమ్మంలోంచి కేకేసేది: "ఆ పిట్టల్ని తరవాత లెక్కపెడుదువుగాని, ముందు నేనున్నానో పోయానో చూసి పోరా!"

చూశాను. పద్దెనిమిది రోజులూ చూశాను.

ఆ పేరు కొట్టెయ్యను. మనుషులకూ అలాంటి గడి గీసేదాకా ఆవిడ చిలకల్లోనే ఉంటుంది. పక్క లోయల్లో చిలకల్ని లెక్కపెట్టేవాళ్ళకూ ఈ సంగతి చెప్పాను. వాళ్ళ ఊళ్ళలోనూ ఇలా పోయినవాళ్ళు ఉన్నారట.

ఈ నెల మీకు చిలకలు చాలా వస్తాయి.

ఇట్లు,
కొండమీది అడవి కాపలాదారు