వాయిదా అడగని ఫోన్లు

సత్యం,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. చదవలేవని తెలిసే రాస్తున్నాను. బతికుండగా మాత్రం నా మాట ఎప్పుడు విన్నావు గనక!

కరోనా రోజుల్లో ఆకివీడులో మన ఫైనాన్స్ వసూళ్లు ఆగిపోయినప్పుడు, నేను చదివిన పుస్తకాల భాషంతా గుమ్మరించి బాకీదార్లకు ఫోన్లో నోటీసులు పంపాను. ఒక్కరూ బదులివ్వలేదు. నువ్వేమో రోజూ మధ్యాహ్నం రిజిస్టరు ముందేసుకుని అందరికీ ఫోన్ చేసేవాడివి. "అన్నం తిన్నారా అండీ? ఇంట్లో జ్వరాలేం లేవు కదండీ?" అంతే. వాయిదా ఊసెత్తేవాడివి కాదు.

"మనం నడిపేది ఫైనాన్సా, పరామర్శల దుకాణమా?" అని అరిచాను.

"రోడ్లు మూశారు గానీ నోళ్లు మూయలేదు కదరా," అని నవ్వావు.

రోడ్లు తెరిచాక వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టారు. అప్పటికే ఆ జబ్బు నిన్ను తీసుకుపోయింది. ఒక్కొక్కరూ నీ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ డబ్బు నా చేతిలో పెట్టారు. అందుకు నిన్ను నేనింకా క్షమించలేదు.

ఇప్పుడు వాయిదాలన్నీ ఫోన్లోనే పడుతున్నాయి. ఆఫీసు మెట్టెక్కే మనిషి లేడు.

ఇవాళ నీ రిజిస్టరు తీసి, వలలు అల్లే కరీమాగారికి ఫోన్ చేశాను. ఆవిడ బాకీ ఎప్పుడో తీరిపోయింది. ఏం మాట్లాడాలో తోచక నీ మాటే వాడాను.

"అన్నం తిన్నారా అండీ?"

"తిన్నానండీ. సత్యంగారి ఆఫీసే కదండీ? మరి మీరో?"

అప్పటికి మూడయింది. తిన్నానని అబద్ధం చెప్పాను. ఆ మాట నన్నడిగే మనిషి లేక ఎన్నాళ్లయిందో.

రిజిస్టరులో రేపు ఫోన్ చేయాల్సిన పేరు దగ్గర పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. అంతమాత్రాన నువ్వు గెలిచావనుకోకు.

ఇంకా గొడవలోనే ఉన్న,
నీ భాగస్తుడు