ఎర్రనీళ్ళు, నిమ్మచెక్క

ఫిబ్రవరి 3, 1960. బుధవారం

ఈ వేళ మూడో తరగతి పిల్లలతో పసుపు కాగితాలు చేయించాను. గుడివాడ ట్రెయినింగులో నేర్పిందే. తెల్ల కాగితం ముక్కలు పసుపు నీళ్ళలో ముంచి కిటికీ ఊచలకు ఆరవేశాం. ఆరాక ఒకదాని మీద సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబడింది. దాని మీదే నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపు. పిల్లల కేకలకు హెడ్మాస్టరు కాంతారావు గారు వచ్చి, ఇది స్కూలా, పెళ్ళివారి వంటశాలా అన్నారు.

చిట్టెమ్మ ఒక్కతే కేక వెయ్యలేదు. కాళ్ళకి రాసుకునే పారాణి కూడా ఇంతేనా అండీ అని అడిగింది. ఇంతేనన్నాను. అన్నాక ఎందుకో మనసు చివుక్కుమంది.

ఫిబ్రవరి 4

ఇళ్ళల్లో వేటికి రంగు మారుతుందో చూసి రమ్మన్నాను. ఒకడు చాకలి సోడా అన్నాడు, ఒకడు చింతపండు పులుసు. పోతయ్య కొడుకు వాళ్ళ చేలో చౌడు మట్టి నానబెట్టాడట, కాగితం ఎర్రబడిందట. వాళ్ళ నాన్న పనిమానుకుని చూశాడట. సంతోషంగా ఉంది. కుదురుగా మాత్రం లేదు.

ఫిబ్రవరి 11. సాయంత్రం

ఘోరం జరిగింది.

ప్రెసిడెంటు గోవర్ధనరావు గారి అబ్బాయి, కొత్తకోడలు గుడివాడ నుంచి దిగారు. నాగాయలంకలో బస్సు దిగి బండి మీద వచ్చారు. పసుపు కుంకుమలు లేనిదాన్ని, ఎదురు రాకూడదని ఎప్పటిలాగే మా వంటింట్లోకి తప్పుకున్నాను. కళ్ళతో చూడలేదు. చిట్టెమ్మ తల్లి అంకమ్మ ఆ ఇంట్లోనే పని చేస్తుంది. ఏడుస్తూ వచ్చి చెప్పింది.

గడప దగ్గర దిగదుడవడానికి ప్రెసిడెంటు గారి భార్య నాగరత్నం గారు ఎర్రనీళ్ళు కలిపి పళ్ళెం అరుగు మీద పెట్టారట. బండి చక్రాల కింద పెట్టగా మిగిలిన నిమ్మచెక్క చిట్టెమ్మ చేతిలో ఉంది. పిండేసింది. ఆవిడ పళ్ళెం ఎత్తేసరికి పసుపు నీళ్ళు. ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారట. ఎరుపు విరిగిపోయిందే, ఈ పిల్లకి ఐదోతనం నిలుస్తుందా అని ఒక ముసలావిడ అందట. అప్పుడు చిట్టెమ్మ చప్పట్లు కొట్టి, పంతులమ్మగారు చెప్పింది నిజమేనండోయ్ అని అరిచిందట.

కోడల్ని గడప దాటనివ్వలేదు. ఎదురింట్లో కూర్చోబెట్టారు. అంకమ్మ కూతుర్ని చీపురు తిరగేసి కొట్టింది.

చూసి రమ్మన్నది నేనే.

ఫిబ్రవరి 12

కిటికీ ఊచల మీది కాగితాలు నేనే లాగేశాను. చిట్టెమ్మ రాలేదు.

ఫిబ్రవరి 13. శనివారం

సోమవారం కోడలి తండ్రి వచ్చి ఆ అమ్మాయిని తీసుకుపోవాలని గుడివాడకి కబురు వెళ్ళిందట. ఆ మాట విని ఉండలేకపోయాను. ముందు ఎదురింటికి పెరటి దారిన వెళ్ళాను. ఆ అమ్మాయి పేరు రాజకుమారి. ధాన్యం గాదె పక్కన కూర్చుని ఉంది. పెళ్ళిచీర మార్చుకోలేదు. నేనేం చేశానండీ పిన్నిగారూ అంది.

నాగరత్నం గారి దగ్గరికీ పెరట్లోంచే వెళ్ళాను. పసుపులో సున్నం కలిస్తే ఎరుపు, నిమ్మరసం పడితే మళ్ళీ పసుపు, అందులో శకునం ఏదీ లేదమ్మా అన్నాను. ఆవిడ చేట కింద పెట్టింది. ఒట్టి రంగేనంటారు, అంతేగా అంది. అంతేనన్నాను. మరైతే మీ చేత్తో కలపండి హైమావతి గారూ, మీరు కలిపిందే దిగదుడిచి పిల్లని లోపలికి తెచ్చుకుంటాను, మీ నమ్మకం ఏపాటిదో నేనూ చూస్తాను అంది.

పనివాళ్ళు పని ఆపి నా వంక చూశారు. శుభానికి నా చెయ్యా! ఆవిడకి తెలిసే అంది. నేను తడబడితే శకునం నిజమైపోయినట్టే. రేపు చెప్తానన్నాను. రేపటి దాకా ఎందుకండీ, సున్నానికి కూడా ముహూర్తం చూడాలా అంది. ఎవరో నవ్వారు.

ఫిబ్రవరి 14. ఆదివారం, పొద్దున్న

అమ్మవారి దీపం రెండుసార్లు కొండెక్కింది. పూజలో మనసు నిలవలేదు.

నాకు ఇద్దరు గురువులా? పిల్లలకి ఒకటి చెప్పి, నాకు నేను ఇంకొకటి చెప్పుకుంటున్నానా? ఆయన పోయినప్పటి నుంచి ఎవరి పేరంటానికీ వెళ్ళలేదు. ఎవరూ వద్దనక ముందే నేనే మానుకున్నాను. వెళ్ళకపోతే ఆ పిల్ల పుట్టింటి పాలు. వెళ్తే, రేపు ఆ ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా నా చెయ్యే.

పది గంటలు

సున్నపు కాయ కొంగున కట్టుకున్నాను. విప్పాను. మళ్ళీ కట్టుకున్నాను.

సాయంత్రం

వీధి గుమ్మం లోంచే వెళ్ళాను. ఊరంతా చూస్తుండగా కలిపాను. ఎర్రబడింది. నాగరత్నం గారు పళ్ళెం అందుకున్నారు. రాజకుమారి లోపలికి వెళ్ళింది.

తల్లీ, ఆ పిల్ల చల్లగా ఉండాలి. నీకు పట్టింపు ఉంటే, నా చెయ్యి అనుకోకు. సున్నం అనుకో.