ఇరవై ఏడు నిమిషాలు ఎవరి తప్పో రాసి ఇమ్మని

పట్టణ పాలనాధికారి గారికి,

అయ్యా,

విషయం: తమ ఉత్తరువు ప్రకారం నడుచుకున్నందున మా కోడలి పని పోవుచున్నది గనుక, తప్పు ఉత్తరువుదేనని ఒక కాగితం ఇప్పించుట గురించి.

గడియార స్తంభానికి నలభై ఒక్క ఏళ్ళుగా కీ ఇచ్చేవాణ్ణి నేనే. చదువు రెండో తరగతి. గుమాస్తా చేత రాయిస్తే మెత్తమెత్తగా రాస్తాడని నేనే రాసుకుంటున్నాను.

1. ఈ ఊరి పన్నెండు గంటలంటే ఈ ఊరి నడినెత్తిన ఎండ. స్తంభం గోడకు చిల్లు ఉంది. అందులోంచి పడే వెలుగు నేల మీది ఇత్తడి గీతను తాకితే పన్నెండు. రోజూ చూసి నేను ముల్లు సరిచేస్తాను. అన్ని ఊళ్ళకూ ఇలాగే ఎవరి మధ్యాహ్నం వారికి ఉండేది. ఎవరికీ ఏ నొప్పీ లేదు. తర్వాత రైలు వచ్చింది. ఊరికొక టైము ఉంటే ఒకే పట్టా మీద రెండు బళ్ళు ఎదురై గుద్దుకుంటాయని, రాజధాని టైమును తంతి మీద స్టేషన్లన్నిటికీ పంపారు. సరే, అర్థమైంది, నేను మొద్దును కాను. మనది రాజధానికి తూర్పు. సూర్యుడు మనకు ఇరవై ఏడు నిమిషాలు ముందొస్తాడు. స్తంభం మీద ఎనిమిదీ ఇరవై ఏడు అయినప్పుడు స్టేషనులో ఎనిమిది. మా కోడలు పనిచేసే దూది మిల్లు కూత స్టేషను టైముకే. తొమ్మిదేళ్ళు ఊరు రెండు టైములతోనే బతికింది. తమ కచేరీ కూడా బతికింది. వెనకున్న గడియారం చూసి తెరుస్తారు, ముందున్నది చూసి మూస్తారు.

2. గత నెల తమ ఉత్తరువు రెండు ప్రతులుగా వచ్చింది, నాకొకటి, స్టేషను మాస్టరుకొకటి. "ఊరి గడియారమును, స్టేషను గడియారమును ఒకటో తేదీ ఉదయము ఆరు గంటలలోపు తేడా లేకుండా ఏకము చేయవలెను." అంతే ఉంది. ఎవరు తిప్పాలో లేదు. సంతకం మాత్రం జానెడు పొడుగుంది.

3. నాకూ ఆ స్టేషను మాస్టరుకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నాది ఎండ టైము అని ఆయన వెక్కిరించాడు, నీది తీగ టైము అని నేనన్నాను. ఇది తమ కచేరీలో బంట్రోతుకు కూడా తెలుసు. అయినా సర్కారు మాట గదా అని, మనసు చంపుకుని నేనే తగ్గాను. పెద్ద గడియారం ముళ్ళు వెనక్కి తిప్పకూడదు, గంట కొట్టే చక్రం పళ్ళు విరుగుతాయి. అందుకని తెల్లవారుజామున పైకెక్కి లోలకాన్ని చేత్తో ఆపి ఇరవై ఏడు నిమిషాలు కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్ళలో అది ఆగడం అదే మొదలు. నా చేత్తోనే ఆపించారు, థూ.

దిగి వచ్చి కోడలితో చెప్పాను, "అమ్మాయ్, ఇవాళ్టి నుంచి మన గంటే మిల్లు గంట. ఎనిమిది కొట్టేలోపు గేటు దగ్గరుంటే చాలు" అని.

"నిజమేనా మామయ్యా? మళ్ళీ ఆలస్యమైతే నన్ను ఉంచరు" అంది.

"గడియారం నడిపేవాణ్ణి నేనా, నువ్వా?" అని కసిరాను.

4. అక్కడ స్టేషను మాస్టరు కూడా తగ్గాడు. ఆయన తన గడియారాన్ని ఇరవై ఏడు నిమిషాలు ముందుకు తిప్పాడు. తేడా ఎక్కడికీ పోలేదు, అటుది ఇటు వచ్చిందంతే. స్తంభం మీద ఇంకా ఏడూ ముప్పై మూడు ఉండగానే మిల్లు కూసింది. మిల్లు మన వీధికి రెండు మైళ్ళు, కూత వినబడదు. మా కోడలు వెళ్ళేసరికి గేటు మూసేశారు. బయట పదకొండు మంది నిలబడ్డారు. పది మందికి అది మొదటిసారి, తిట్టి వదిలేశారు. మా కోడలికి అది మూడోది. మూడైతే పేరు కొట్టేస్తారు. ముందటి రెండూ ఆమెవే, వాటి గురించి నేను అడగను.

స్టేషనుకు పరుగెత్తాను.

"పెద్దాయనా, నువ్వెందుకు తిప్పావయ్యా?" అన్నాడు.

"నువ్వెందుకు తిప్పావ్?"

"ఒకటి చెయ్యమన్నారుగా. నీ మొండితనం తెలిసి నేనే తగ్గాను."

"ఏడిశావ్! తొమ్మిదేళ్ళు తగ్గనివాడివి ఇవాళే తగ్గాలా?"

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

5. మిల్లు మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "తప్పు ఎవరిదో కచేరీ కాగితం తెండి, ఆ ఆలస్యం కొట్టేస్తాను. శనివారం దాకా ఆగుతాను" అన్నాడు. తమ కచేరీకి నాలుగు రోజులు తిరిగాను.

"రెండింటికి రా తాతా" అన్నాడు గుమాస్తా.

"ఏ గడియారం రెండింటికి నాయనా?"

"ఇదిగో, ఈ వెటకారానికే నీ పని కాదు" అన్నాడు. పోనీ కదా అని రెండు రెండింటికీ వెళ్ళాను. రెండుసార్లూ కుర్చీ ఖాళీయే. చివరికి కనబడి, "సర్కారు ఉత్తరువులో తప్పుండదు" అన్నాడు.

మావాడు ఆ మిల్లులోనే దూది దుమ్ముకు ఊపిరి చెడి రెండేళ్ళుగా మంచం పట్టాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది కోడలి పనితోనే. ఆమె రోజూలాగే నాకే ముందు అన్నం పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

కావున తమరు శుక్రవారం లోపల పై కాగితం ఇప్పించవలెను. చిత్తగించితిరా సరి, చిత్తగించకపోతే శనివారం తర్వాత చిత్తగించి ప్రయోజనం లేదు.

తమ విధేయుడు అని రాయాలట. రాశాను.

గడియార స్తంభం ముసలివాడు

మళ్ళీ రాయునది: రాత్రంతా ఆలోచించాను. ఉత్తరువుది తప్పు అని రాయడానికి తమకు చెయ్యి రాదు. అయితే నాదని రాయండి. గడియారం నడిపే ముసలివాడు కళ్ళు కనపడక ముల్లు తప్పు పెట్టాడు, పనికిరాడు, తీసేశాము అని రాయండి. కింద నా సంతకం పెట్టిన తెల్లకాగితం ఈ అర్జీకి గుచ్చాను. మా కోడలు ఒప్పుకోదు, ఆమెకు చెప్పవద్దు. అది అబద్ధమని తమకు తెలిసి ఉంటే చాలు.