బల్ల కింద సొరకాయ

పాస్టరయ్యగారికి వందనాలు.

నేను జహ్రాలో అరబ్బుల ఇంట్లో పని చేసే మనిషిని. కబ్ద్ తోటలో ఎండదెబ్బకు చనిపోయిన ఏసుపాదం అమ్మను. వాడి శవపెట్టె ఊరికి పోయిననాడు మా ఇంటి యజమానురాలు మామా నాకు సెలవియ్యలేదు. మన సంఘం ఆడవాళ్ళే వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చున్నారు. ఆ మేలు మరచిపోను.

అందుకే మొన్న శుక్రవారం కృతజ్ఞత పండుగకు సొరకాయ తెచ్చాను. వాడు నాటిన విత్తనమే. వాడు పోయాక తోటలో తోటి పనివాడు గంగాధర్, మన మతం కాకపోయినా, ఆ పాదుకు నీళ్ళు పోసి కాయను నాకు తెచ్చిచ్చాడు. వేలం పాటకని అందరి కానుకలూ బల్లమీద సర్దిన సంఘపెద్ద భార్య సలోమమ్మ నాది మాత్రం బల్ల కిందకు తోసింది.

"సావింటి కాయ గదమ్మా, వేలంలో ఎవురు పాడతారు?" అనింది.

"అట్లయితే ఏసయ్య సమాధికాడికి ఆ ఆడోళ్ళు ఎట్ల పోయినారక్కా?" అన్నాను.

మీరు మైకు పట్టుకుని అక్కడే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. నా కోపమంతా మీమీదనే అయ్యా. ఈ అంటు మన మందిరంలోకి ఎప్పుడొచ్చింది?

కాయను వెనక్కి తెచ్చుకున్నాను. వచ్చే శుక్రవారం మళ్ళీ తెస్తాను. సలోమమ్మ చేతనే బల్లమీద పెట్టించి ప్రార్థన చెయ్యండి. నా కొడుకును ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పండి. తీసుకున్నందుకు మాత్రం నా తరపున చెప్పొద్దు. దానికి నేనింకా ఒప్పుకోలేదు.